తొందరేం లేదు

చిటికెన వేలి గోరంత చక్రం, అంతే గదా, ఆ గోరంత చక్రాల కోసం ఇంత మనిషి బాహూరు బస్సులో ఎండ పడే వైపు కూర్చుని పోవడమేమిటి, పోనీ చక్రాలు లేకుండా రైలు నడుస్తుందా అంటే నడవదు, పెట్టెలన్నీ రంగులు వేసుకుని, కిటికీలకు అద్దాలు పెట్టుకుని, మేడమీద గదిలో బల్ల మీద వెల్లకిలా పడున్నాయి, సంతలో కాళ్లు కట్టేసిన కోళ్లలాగా, అనుకుంటూ నరసింహన్ తువ్వాలు నెత్తిమీదికి లాక్కున్నాడు, జరగండి జరగండి అని కండక్టరు అరుస్తున్నాడు, వీరాంపట్టినం మలుపు దగ్గర ఖాళీ చేపల గంపలతో ఇద్దరాడవాళ్లు ఎక్కి, తమ మాట తాము మాట్లాడుకుంటూ గంప తెచ్చి ఇతని కాళ్ల మీదే పెట్టారు, ఏమ్మా అనబోయి ఊరుకున్నాడు, ఊరుకోవడం అలవాటే, పెద్ద మార్కెట్ పక్కన మూడు తరాల పాత్రల అంగడి, గల్లా దగ్గర భార్య పంకజాన్ని కూర్చోబెట్టి వచ్చాడు, యాడికి ఈ ఎండలో అంటే బ్యాంకుకు అన్నాడు, బొమ్మ రైలు చక్రాలకని చెబితే, నీ చక్రాలు రాకుంటే భూమి తిరగడం ఆగిపోతాదా అంటుంది, అంటుందని ఏముంది, అంది కూడా, పోయిన నెలలో, దోసె తిరగేస్తూ.

బొమ్మ రైలంటే పిల్లలాడుకునేది కాదని ఆమెకు ఎన్నిసార్లు చెప్పాడు, విల్లుపురం నుంచి పుదుచ్చేరికి వచ్చే పాత మీటరు గేజి బండి, ఆ ఇరుకు పట్టాలు పీకేసి వెడల్పువి వేసి ఏళ్లయింది, ఆ బండి ఇప్పుడు లోకంలో ఎక్కడైనా ఉందంటే తన మేడమీద బల్ల మీదే ఉంది, అచ్చు కొలతలతో, మేకు తల దగ్గర మేకు తలతో, అయితే బజారులో దొరికే చక్రాలన్నీ వెడల్పు పట్టాలవి, విదేశాలవి, ఈ ఇరుకు పట్టాలకు సరిపోయే చక్రం దేశం మొత్తానికీ బాహూరులో ఒక్క ఇంట్లోనే చేస్తారు, చెంగల్రాయన్ అని, మేట్టుపాళయం ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసి, మానేసి, పశువుల కొట్టంలో సొంతంగా చిన్న లేత్ పెట్టుకున్న రైతు, ఆయన ఇత్తడి తిప్పుతాడు, కోడలు కీర్తిక ఇరుసు ఎక్కించి, గాజుపలక మీద దొర్లించి, వంకర లేదనుకుంటే డబ్బీలో పెడుతుంది, అంతే కంపెనీ, మామా కోడలూ ఒక గేదే, ఈ సరదా ఉన్నవాళ్లకు ఫోనులో ఒక గ్రూపు ఉంది, దేశమంతా కలిపినా ఒక పెళ్లిపందిట్లో పట్టేంత మంది, అందులో కుర్రవాళ్లెవరైనా బాహూరు వాళ్లు ఇంకా పంపలేదని చిందులేస్తే, నరసింహన్ సారే పెద్దరికంగా రాసేవాడు, చిన్న కుటుంబం నాయనా, ఓపిక పట్టండి, తిడితే వాళ్లు మానేస్తారు, మానేస్తే మన బళ్లు మూలబడతాయి అని, దానికందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టేవారు, ఓపికకు మారుపేరు నరసింహన్ సార్ అని పూణే నుంచి ఒకడు రాశాడు కూడా, వాడికి తన తరవాత ఆర్డరిచ్చినా చక్రాలు వచ్చేశాయి, ఫోటో పెట్టాడు, మదురై డాక్టరుకూ వచ్చాయి, ఆయన వీడియోనే పెట్టాడు, తనకు లేవు, ఆర్డరు చెప్పింది వినాయకచవితి తరవాత, సంక్రాంతి దాటి మాసి నెల కూడా వచ్చింది, లేవు, అందుకే పొద్దున అంగట్లో కూర్చుని ఫోనులో రాశాడు, బాహూరు వాళ్లను నమ్మకండి, వాళ్లకు మాట మీద నిలకడ లేదు, ఇక ఎవరూ ఆర్డరు ఇవ్వొద్దు అని, పంపలేదు గానీ అలాగే ఉంది జేబులో, తను ఒక్క మాటంటే గ్రూపు మొత్తం ఆగిపోతుందని తెలుసు, ఆ లేత్ కూడా ఆగిపోతుందనీ తెలుసు, అయితే ఆగనీ, మొహం చూసి అడిగి, సరైన జవాబు లేకపోతే వాళ్ల వాకిట్లో నిలబడే పంపేస్తాను, నాకేం భయమా.

తన ఒక్కడి సరదా అయితే ఇంకో ఏడాదైనా ఆగేవాడు, రఘునాథన్ సంగతి గదా, ఆ బండికి గార్డుగా చేసినవాడు, రిటైరయి నటేశన్ నగర్‌లో ఉంటాడు, సాయంత్రమైతే మేడెక్కి వచ్చి, ఈ తలుపు గడియ ఇంకాస్త కిందికుండాల నరసింహా, ఇక్కడ రంగు ఊడిపోయుండేది, అని పక్కన కూర్చుని చెప్పి చెప్పి చేయించాడు, ఇప్పుడు మెట్ల కమ్మీ పట్టుకుని ఎక్కుతున్నాడు, గ్లకోమా అట, చాప అంచుల్ని చెదలు తిన్నట్టు చూపును పక్కల నుంచి తినుకుంటూ వస్తుందట, పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలబెట్టడానికే చుక్కల మందు అని కంటి డాక్టరు చెప్పాడు, మందు వేసుకుంటున్నా నిలబడటం లేదు, ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కనపడుతుంది ఇంకా, వాడికి దాని మీదా ఎగతాళే, గార్డును గదరా, బతుకంతా వెనక పెట్టెలో కుచ్చోని పోయినోణ్ణి, నా బండి నాకు ఎదురుగా వచ్చేది నేనెప్పుడు చూసినా, నీ పుణ్యమా అని ఒక్క తూరి చూసినానంటే, ఆ పైన ఈ కండ్లు ఉంటే ఏమి పోతే ఏమి, అని నవ్వాడు, నవ్వి, ఇంజను ఏ వైపు నుంచి వస్తుందో అడిగి, ఆ వైపుకు కుర్చీ తిప్పుకున్నాడు, చక్రాలు వచ్చినాయా అన్నాడు, వస్తాయిలేరా తొందరేముంది అన్నాడు తను, అలవాటుగా, రఘునాథన్, నీకు లేదులే అన్నాడు.

నీకు లేదులే, బస్సు చున్నాంబారు వంతెన దాటుతుంటే గాలి మొహానికి కొట్టింది, నాకు లేదా, నాకు లేకపోతే ఈ బస్సెందుకు ఎక్కాను, వాడికేం తెలుసు, ఎన్నిసార్లు ఫోను చేశాను బాహూరుకు, చేసినప్పుడల్లా ఆ కోడలే ఎత్తుతుంది, నాట్లు మామా అంటుంది, ఇంకో తడవ వానలు మామా, ఇత్తడి కడ్డీ రాలేదు మామా అంటుంది, అలాగేనమ్మా తొందరేం లేదు, మీ పని చూసుకుని నిదానంగా చెయ్యండి అంటాడు తను, మరి అలాగే గదా అనాలి, నాయన నేర్పిన వ్యాపారం అది, అక్కర మొహంలో కనపడనియ్యగూడదురా, కనపడితే ఎదుటోడు నెత్తికెక్కుతాడు అనేవాడు, పెళ్లిళ్ల కాలం ముంచుకొస్తుంటే అంగట్లో ఒక్క ఇత్తడి అండా లేకపోయినా, కుంభకోణం వాళ్లకు మాత్రం తొందరేం లేదప్పా, వీలైనప్పుడు పంపండి అనే చెప్పేవాడు, అండాలు మూడోరోజుకు దిగేవి, కుంభకోణం వాళ్లు బజారు మనుషులు, కోమటి నోట తొందర లేదంటే ఇంట్లో నిప్పంటుకుందని అర్థం వాళ్లకు, మరి అదే మాట ఈ బాహూరు వాళ్లతో ఎందుకు పారడం లేదో, నిర్లక్ష్యం, ఇంకేముంది, ముసలోడు తిట్టడులే అన్న అలుసు.

ఊరు దిగి నడిచాడు, రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి, పక్కగా పోవాల్సి వచ్చింది, చెంగల్రాయన్ ఇల్లెక్కడని అడిగితే, మిషన్ చెంగల్రాయడా అని చెయ్యి చూపించారు, కొట్టం ముందు అరుగు మీద కీర్తికే కూర్చుని గాజుపలక మీద చక్రాలు దొర్లిస్తోంది, పేరు చెప్పగానే కొంగు దోపుకుని లేచింది, అయ్యో పాత్రల అంగడి మామా, రాండి రాండి కుచ్చోండి, ఏంది ఈ పక్క వస్తిరి అంది, బస్సులో కూర్చి పెట్టుకున్న మాటలన్నీ గొంతులోకి వచ్చి, తీరా నోట్లోంచి దిగింది మాత్రం, ఏం లేదమ్మా, బాహూరు చెరువు చూసి చాలా కాలమాయె, అట్ట వస్తిని అన్నమాట, తన నోరు తనకే వినపడి సిగ్గేసింది, ఆ పిల్ల ఉప్పేసిన మజ్జిగ, మోరు, గ్లాసులో తెచ్చిచ్చి, మామా, మీ మాదిరి మనుషులు ఒకరుంటే చాలు మామా, అందరూ ఫోను ఎత్తితే అరుపులే, మా మామ దినమూ చెప్తాడు, ఆ శెట్టియారును చూడు, ఎంత నిదానం, దేవుడు అని, అంది, నరసింహన్‌కు మోరు పొలమారింది, అవి ఎవరివమ్మా చక్రాలు అన్నాడు పలక వైపు చూస్తూ, మీవే మామా, ఇప్పుడే కడపటి ఇరుసు ఎక్కిస్తా ఉండా, అయినా పొద్దున హుబ్లీ ఆయన ఒకాయన ఒకటే తొందర పెట్టినాడు, ఆయనకు పంపేసి మీకు ఇంకో తూరి చేస్తామని అనుకుంటా ఉండాము, ఇంకో తూరి ఏంది అన్నాడు, మీవి రెండు తూర్లు చేసినాం మామా, మొదటిది పూణే ఆయన ఏడ్చినంత పని చేస్తే ఆయనకు పంపేస్తిమి, రెండోది మదురై డాక్టరుకు, వాళ్లబ్బాయి పుట్టినరోజంట, మీకు తొందర లేదంటిరి గదా, మీరేమీ అనుకోరని, ఇవీ హుబ్లీకి పంపేదా మామా, అని ఆ పిల్ల నవ్వుతూ చెప్పుకుపోతోంది, దాపరికం లేదు, తప్పు చేశామన్న జంకు లేదు, ఎందుకుంటుంది, తప్పెక్కడుంది, గడ్డిమోపుతో అప్పుడే వచ్చిన చెంగల్రాయన్ దాన్ని దించకుండానే, అన్నా, బాగుండారా, ఏందిమా ఆయన్ని అడగతా ఉండావు, తొందరుంటే చెప్పడా, నోరు లేదా ఆయనకు, అన్నాడు.

నోరు లేదా ఆయనకు, అదే గదా, పూణేవాడు ఏడిచాడు, డాక్టరు కొడుకు పేరు చెప్పాడు, హుబ్లీవాడు తొందర పెట్టాడు, అందరికీ నోరుంది, తను మాత్రం బజారు మాటలు తెచ్చి పొలం మనుషుల చేతిలో పెట్టాడు, వీళ్లు మాటను మాటగానే తీసుకునేవాళ్లు, నాట్లు అంటే నాట్లే, వాన అంటే వానే, తొందర లేదంటే లేదనే, ఇందులో అలుసెక్కడ, నిర్లక్ష్యమెక్కడ, జేబులో ఆ రాత బరువుగా తగిలింది, ఫోను తీసి తుడిపేశాడు, చక్రాలు పలక మీద మెరుస్తున్నాయి, ఇప్పుడు కూడా, సరేలేమ్మా హుబ్లీ ఆయనకే పంపు అనే మాట నాలుక కొనకు వచ్చేసింది, మూడు తరాల అలవాటు, దాన్ని మింగడానికి మోరు గ్లాసు కింద పెట్టాల్సి వచ్చింది, చెంగల్రాయా, నాకు తొందరుండాది, అన్నాడు, ఆ బండికి గార్డుగా ఉండినోడు నా స్నేహితుడు, వానికి చూపు పోతా ఉంది, కనపడతా ఉండంగానే వాని బండి వానికి ఎదురుగా రావాల, చెరువు చూసేకి రాలేదు నేను, దీనికే వచ్చినా, అన్నాడు, చెంగల్రాయన్ మోపు దించాడు, ఏంది అన్నా ఇది, ఈ మాట ఇన్నాళ్లూ యాడ దాచి పెట్టుకోనుంటివి, తిట్టింటివంటే ఐపసిలోనే, దీపావళికే ఇచ్చేసిందుము గదా, అన్నాడు, కీర్తిక మాత్రం పలక మీదికి వంగి ఒక్కో జతనూ మళ్లీ దొర్లించింది, రెండు జతలు తీసి పక్కన పెట్టింది, ఇవి రవంత ఊగతా ఉండాయి మామా, హుబ్లీ ఆయనకైతే చాలు, ఇది చూపు తక్కువాయన చూసేది, ఎదురుగా వచ్చే బండి ఊగగూడదు, మళ్లీ తిప్పాల అంది, ఇప్పుడే తిప్పేద్దామంటే కోత మిషన్ వచ్చే పొద్దయింది, ఊరంతా వరుసలో ఉండాది, అది మనకోసం ఆగదు, వడ్లు ఇంటికి చేరినాక తిప్పిస్తా, ఉంటారా మామా.

ఉంటానమ్మా అన్నాడు, పంకజానికి ఫోను చేసి, బ్యాంకు కాదు, బాహూరులో ఉండా, రఘునాథన్ బండి చక్రాలకు, పొద్దు పోతాది అన్నాడు, ఆమె, ఆ మాట పొద్దున్నే చెప్పుంటే సద్దికట్టి ఇచ్చుందును గదయ్యా అంది, మిషన్ మోత మొదలైంది, మామా కోడలూ చేలోకి పోయారు, అరుగు మీద గాజుపలకా తనూ మిగిలారు, చెయ్యడానికేమీ లేదు, చిత్రంగా చిరాకు కూడా లేదు, చవితి నుంచీ లోపల కుతకుతలాడుతున్నది ఏదో చల్లబడింది, అప్పుడూ కాచుకోవడమే, ఇప్పుడూ కాచుకోవడమే, కానీ ఇప్పుడు తను దేనికోసం కూర్చున్నాడో చేలో ఉన్న ఆ ఇద్దరికీ తెలుసు, ఓపికంటే ఇది కాబోలు, ముందు నోరు తెరిచి అడగాలి, తరవాత కూర్చోవాలి, ఆ మొదటిది ఎగ్గొట్టి, వట్టి రెండోదాన్నే తను ఇన్నాళ్లూ ఓపిక ఓపిక అని ఊరందరికీ చెప్పుకున్నాడు.