మెత్తబడిన మిర్చీలు

సామేలు చనిపోయిన రోజు తార్నాకలో వాళ్ల మిర్చి బండి మొదటిసారి మూతపడింది. ప్రార్థనలన్నీ ముగిశాక అతని భార్య రజిని ఒక్కతే బండి తెరిచింది.

సామేలు ఉన్నప్పుడే బండిని డెలివరీ యాప్‌లో ఎక్కించింది యూనివర్సిటీ హాస్టల్లో ఉండే అమల. ఒక సాయంత్రం ఆమె ఫోన్ పట్టుకొని వచ్చింది.

"అక్కా, మిర్చీలు మెత్తగ ఉంటున్నయని అందరు రాస్తున్నరు. ఇట్లనే అయితే యాప్ నుంచి తీసేస్తరు."

పిండి కలపడం మొదటినుంచీ రజిని పనే. బియ్యప్పిండి పెంచింది, నూనె మార్చింది. బండి దగ్గర తినేవాళ్లు బాగున్నాయనే అన్నారు. ఫిర్యాదులు మాత్రం ఆగలేదు. ఇంకేం మార్చాలో ఆలోచించే ఓపిక కూడా ఆమెకు లేకపోయింది.

ఆర్డర్ తీసుకెళ్లడానికి వచ్చిన డెలివరీ బాయ్ ఇమ్మానుయేల్ డబ్బా తిప్పి చూశాడు.

"ఏంది వదినా, మూతకు పొక్కలు పెట్టలే? ఆవిరి పోకుంటే మెత్తగ కాక ఏమైతయి? అన్న ప్రతి డబ్బాకు పుల్లతోని పొడుస్తుండె."

"నాకెన్నడు చెప్పలే."

"పొయ్యి కాడ నువ్వు తల ఎత్తితే గద!"

రజిని పుల్ల తీసుకొని మూతకు పొడిచింది. సన్నగా ఆవిరి బయటికి వచ్చింది.

ఆ తర్వాత ఫిర్యాదులు ఆగాయి. పాతవాటికి ఏమని జవాబు రాయాలో అమల అడుగుతూనే ఉంది. రజిని తర్వాతి డబ్బా మూతకు పుల్లతో పొడుస్తోంది.