పగుమె అయిదు రోజులు

ఏడాది చివర్లో వచ్చే పగుమె రెండో తేదీ పొద్దున యెషి వాళ్లింటికి వెళ్లాను. కొత్త సంవత్సరం వస్తోందని గోడలు అలుకుతున్నారు, సాయం రమ్మని యెషి పిలిచింది. బడిలో యెషిదీ నాదీ ఒకటే బల్ల. వాళ్లమ్మని నేను మర్యాదగా ఎతెతె అంటాను. యెషికి మూర్ఛ ఉంది. రోజూ రాత్రి ఒక మాత్ర వేసుకుంటే ఏమీ కాదు. రెండేళ్లుగా ఏమీ కాలేదు కూడా.

గోడ గూట్లో మాత్రల అట్ట కనిపించింది. అన్ని గుంటలూ ఖాళీ.

"మాత్రలు అయిపోయాయా?" అని అడిగాను.

"రాత్రి వేసుకున్నదే ఆఖరుది," అంది వాళ్లమ్మ ఎతెతె ముల్యే, చేతులకంటిన మట్టి దులుపుకుంటూ. "మెస్కెరెమ్ రెండున రమ్మని నీ కంప్యూటరు ఫోనుకి మెసేజ్ పంపిందిగా. అప్పుడెళ్లి తెచ్చుకుంటాం. దానికి తెలీదూ ఎప్పుడివ్వాలో?"

వేళ్ల మీద లెక్కపెట్టాను. కొత్త సంవత్సరపు మెస్కెరెమ్ రెండు లోపల ఇంకా అయిదు రాత్రులున్నాయి.

"ఏమే, అలా బొమ్మలా నిలబడ్డావ్? నోట్లో ఈగ దూరిందా?" అని యెషి నవ్వి నా ముక్కుకి మట్టి పూసింది. "మా కంప్యూటరు పంతులమ్మకి మాటలు రావమ్మా. మీటలు నొక్కితేనే పలుకుతుంది."

కడుపునొప్పని చెప్పి బయటపడ్డాను.

ఆ మెసేజ్ పంపిన ప్రోగ్రాం రాసింది నేను. ఆరోగ్య కేంద్రంలో ఎవరికి ఏ రోజు మందులిచ్చారో అందులో పెడితే, మళ్లీ ఎప్పుడు రావాలో లెక్కకట్టి వాళ్ల ఫోనుకి మెసేజ్ పంపుతుంది. బడిలో కంప్యూటరు నేర్పే నెగుస్సెని మేం గౌరవంగా గాషె అంటాం. ఆయన కాలవ్యవధిని రెండు విధాలుగా రాయవచ్చని చెప్పారు. ఇన్ని రోజులు అని రాయవచ్చు, ఇన్ని నెలలు అనీ రాయవచ్చు. "తెల్లవాళ్ల నెలలు ఒకటి ముప్పై, ఇంకోటి ముప్పై ఒకటి. ఆ తలనొప్పి వాళ్లది. మన నెలలన్నీ ముప్పయ్యే, ఎలా రాసినా ఒకటే," అని నవ్వారు. నాకూ అది గొప్పగానే అనిపించింది. వ్యవధి అన్నచోట ఒక నెల అని రాశాను. నెల సంఖ్యకి ఒకటి కలుపు, పన్నెండు దాటితే మళ్లీ ఒకటి, తేదీ మార్చకు. అంతే.

పన్నెండో నెల నెహసె. కొత్త సంవత్సరం మెస్కెరెమ్‌తో మొదలవుతుంది. రెండింటికీ మధ్య పగుమె, అయిదే రోజులు. ఆ అయిదు రోజులకి మా నాన్నకి జీతం రాదు, గాషె నెగుస్సెకీ రాదు. అద్దెకున్నవాళ్లు అద్దె కట్టరు. నెల అనగానే నాకు జీతం వచ్చే నెలలే గుర్తొచ్చాయి. పగుమెని మర్చిపోలేదు, లెక్కలోకి వస్తుందనుకోలేదు. కానీ మందు ఆ అయిదు రోజులూ వేసుకోవాలి కదా.

బడికి సెలవులు. గాషె నెగుస్సె కంప్యూటర్ల గదిలో దుమ్ము దులుపుతున్నారు. ఆయనకి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. మొదట నవ్వారు. తర్వాత వేళ్లు మడిచి లెక్కపెట్టి, కుర్చీలో కూర్చుండిపోయారు.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు గాషె."

"చెప్పకు. పోయిన నెలే కదా జిల్లా వాళ్లొచ్చి మెచ్చుకుని వెళ్లింది? ఇప్పుడు తప్పని తెలిస్తే కంప్యూటర్లు పట్టుకుపోతారు. అయిదు రోజులేగా, అస్నాకెచ్. పండగ కాగానే ఇద్దరం కూర్చుని సరిచేద్దాం. అయినా నర్సు బెలైనెష్ ఏటా నెహసెలో అయిదు మాత్రలు ఎక్కువిస్తుంది. మా అమ్మకి అలాగే ఇచ్చేది."

యెషి ఇంట్లో ఖాళీ అట్ట చూశానని నేను చెప్పలేదు. తల ఊపి వచ్చేశాను. తల ఊపడం నాకు చాలా తేలిక.

మర్నాడు రుఫాయెల్ పండగ. ఆ రోజు పడే వాన దీవెన అని ఊళ్లో అందరూ తడుస్తారు. మధ్యాహ్నం చినుకు పడగానే పిల్లలంతా వీధిలోకి పరుగెత్తారు. యెషి కూడా వచ్చింది. నేను చూరు కింద నిలబడి తననే చూస్తున్నాను.

"రావే, నీ మీటలు తుప్పు పట్టవులే!" అని అరిచింది. రెండు చేతులూ పైకెత్తి గిరగిరా తిరిగింది. తిరగడం ఆగింది గాని చేతులు కిందికి దిగలేదు. నాకు తెలిసిపోయింది. నేను చేరేలోగా పడిపోయింది.

ఎతెతె ముల్యే పరుగున వచ్చి కూతుర్ని పక్కకి తిప్పి పట్టుకుంది. నుదురు రాయికి కొట్టుకుని చీరుకుపోయింది.

"రెండేళ్లయింది తల్లీ, రెండేళ్లయింది," అంటోంది ఆవిడ. "ఏం పాపం చేశామో."

"మీరేం చేయలేదు ఎతెతె. నేనే," అన్నాను. వాన చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అనే ధైర్యం లేక ఆరోగ్య కేంద్రానికి పరుగెత్తాను.

సిస్టర్ బెలైనెష్ గుమ్మంలో గొడుగు ముడుస్తోంది. ఒక్క ఊపిరిలో అంతా చెప్పేశాను.

"ఏటేటా అయిదు ఎక్కువ పెట్టేదాన్ని," అంది ఆమె మెల్లగా. "ఈసారి ముప్పైకి ముప్పై, సీలు వేసిన అట్టలొచ్చాయి. నీ మెసేజ్ వాళ్లని ముందే పిలుస్తుందిలే అనుకున్నాను. ఒక్కసారి నిన్ను అడగాల్సింది." గొడుగు గోడకి ఆనించి, "నీకెప్పుడు తెలిసింది?" అంది.

అబద్ధం నోటి దాకా వచ్చింది.

"నిన్న పొద్దున."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. రిజిస్టరు తీసి పేర్లు చదవమంది. నెహసె మొదటి మూడు రోజుల్లో మందులు తీసుకుని, ఈపాటికి అవి అయిపోయినవాళ్లు ఏడుగురు. మిగతావాళ్లకి కనీసం ఈ రాత్రికి ఉంది. ఏడు అట్టలు సంచిలో వేసి నా చేతికిచ్చింది.

"నేను యెషి నుదుటికి కుట్లు వేయాలి. మిగతా ఇళ్లు నువ్వు తిరుగు."

"నేను మాట్లాడలేను సిస్టర్."

"మాట్లాడాలి. ఎందుకు తెచ్చావో చెప్పకపోతే వాళ్లు నీ మెసేజ్‌నే నమ్ముతారు."

ముందు ఇద్దరం యెషి వాళ్లింటికి వెళ్లాం. తను పడుకుని ఉంది. సిస్టర్ నుదురు కడుగుతుంటే కళ్లు తెరిచింది గాని నన్ను గుర్తుపట్టలేదు. మందు ఎతెతె ముల్యే చేతిలో పెట్టి, ఈసారి వినపడేలా చెప్పాను. పగుమెని వదిలేశానని. నిన్ననే తెలిసినా నోరు విప్పలేదని.

ఆవిడ తల తిప్పి కొత్తగా అలికిన గోడ వంక చూసింది.

"నిన్న ఇక్కడే నిలబడ్డావు కదే," అంది. "నా గోడ పక్కనే."

"అవును ఎతెతె."

"ఇవెన్ని రోజులకి?"

"ముప్పై."

"నీ ముప్పయ్యా, నిజం ముప్పయ్యా?"

కలం తీశాను. అట్ట మీద ప్రతి మాత్ర పక్కనా తేదీ రాశాను. పగుమె మూడు, నాలుగు, అయిదు, ఆ తర్వాత మెస్కెరెమ్ ఒకటి నుంచి ఇరవై ఏడు దాకా. ఆవిడకి చదవడం రాదు. "పైకి చదువు," అంది. చదివాను. మధ్యలో నేను ఆగితే, "ఊఁ, తర్వాత?" అంది. ఇరవై ఏడు అనేసరికి అట్ట లాక్కుని కొంగులో ముడేసుకుంది. నన్ను కూర్చోమనలేదు.

సంచిలో ఇంకా ఆరు అట్టలున్నాయి. వాన తగ్గలేదు. రెండో ఇంటి తలుపు కొట్టాను. వాళ్లు లోపలికి రమ్మనేలోపే చెప్పడం మొదలుపెట్టాను.