ఆకు చూపించని పువ్వు

ఇంట్లో నలుగురం ఉన్నాం: వాకిట్లో బియ్యం ఏరుతున్న అమ్మ, వంటింట్లో పైడమ్మత్త, నేను, పోయిన వానాకాలంలో చనిపోయిన తాత. ఆయన ఎలా వచ్చాడని ఎవరూ అడగరు. నేనూ అడగను, ఎందుకంటే ఆయన అప్పటికే పెరట్లోకి నడుస్తున్నాడు, ఆయన వెనకే నేను, మేము నడిచేకొద్దీ పెరడే అడవైపోతూ ఉంది, టేకుచెట్ల కింద నా నడుమెత్తున ఊదాపూలు.

అడవి జీలకర్ర. అమ్మ చేతి తెల్లమచ్చలకు తాత నూరింది దీని గింజలే. తాత పోయాక మందు లేదు, మచ్చలు మణికట్టు దాటాయి. మొక్కను ఎవరూ గుర్తుపట్టకుండా ఆయన ఎప్పుడూ ఆకులు దూసేసి, ఉత్త గింజకాడలే ఇంటికి తెచ్చేవాడు.

"తాతా, సహదేవి మొక్కా ఊదాగానే పూస్తది కదా. ఎలా పోల్చాలి?"

"దాని పువ్వు పెసరగింజంత. ఇది సూడు," అని ఒక పువ్వు చీల్చి నా అరచేతిలో పోస్తాడు, చూస్తే అది ఒక్క పువ్వు కాదు, సన్నటి గొట్టాల్లాంటి పూలు ముప్పైకి పైనే, నేను లెక్కపెట్టేలోగా చీమల్లా పాకిపోతాయి.

"పూత లేనప్పుడో? ఆకెలా ఉంటది?"

ఆయన గుప్పిట మూసేస్తాడు. "ఆకెందుకే గుంటా, కూరొండుతావేటి?"

"అమ్మకి మందు కావాలి."

"ఒక్కరికే సెప్పాలి. ఇద్దరికి తెలిస్తే మందు పన్జెయ్యదు."

"నాకు చెప్పలేదు. మరెవరికి చెప్పినావు?"

తాత నా భుజం మీదుగా ఇంటివైపు చూస్తాడు. నా కళ్లలోకి చూడకుండా ఆయన ఏనాడూ మాట్లాడలేదు, ఈయన తాతేనా అని నాకు అనుమానం వస్తుంది.

"అత్తకా? ఆ మందు నీతోనే పోయిందని అందరి ముందూ చెప్పింది."

"మీ అత్త నా కూతురు. మీ అమ్మ కోడలు."

"అయితే అమ్మకి మానకూడదా?"

"నాను అలా అన్నానేటి?" అంటూనే ఆయన టేకాకుల వెనక పల్చబడిపోతాడు, ఎక్కడో ఏదో నూరుతున్న చప్పుడు.

మెలకువ వచ్చింది. మధ్యాహ్నం, చాప మీద నేను. నూరే చప్పుడు మాత్రం ఆగలేదు. లేచి వెళ్తే, సామాన్ల గదిలో అత్త నూరుడు రాతి ముందు కూర్చుని ఉంది. ఆమె కొంగుకు ఒక పచ్చి ఆకు అంటుకుని ఉంది, అంచు రంపంలా.

"అత్తా, అదేం ఆకు?"

అత్త నా ముఖం చూసింది, తర్వాత కొంగు చూసుకుంది. లేచి వచ్చి, తలుపు వేసేసింది.