ఎండిన చెరువుకు కాపలా

కృత్తివెన్నులో రొయ్యల చెరువున్న మగాడెవడూ రాత్రిళ్ళు కంటినిండా నిద్రపోడు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయిందంటే రొయ్య చచ్చి తేలుతుంది, కొంప మునుగుతుంది. అందుకే వెంకటాద్రి రాత్రికి మూడు నాలుగుసార్లు లేచి గట్టు మీదికి వెళ్తుంటే భార్య ప్రభావతి మురిసిపోయింది. "మా ఆయనకి చెరువంటే ప్రాణం" అని ఇరుగుపొరుగు దగ్గర గొప్పలు పోయింది. మనిషి చిక్కిపోతుంటే చాకిరీ అనుకుంది. చెంబెడు నీళ్ళు గటగటా ఎత్తేస్తుంటే ఉప్పుగాలి అనుకుంది. అనుకోవడానికేం, ఎన్నయినా అనుకోవచ్చు.

ఆ ఏడు పంట బాగానే వచ్చింది. రొయ్య పట్టేశారు, నీళ్ళు తోడేశారు, చెరువు అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టారు. ఇక హాయిగా పడుకుంటాడనుకుంటే వెంకటాద్రి మళ్ళీ లేచాడు. ఆ మర్నాడూ అంతే.

పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిస్తూ అడిగేసింది ప్రభావతి.

"ఏవండీ, ఎండిపోయిన చెరువుకి కాపలా ఎందుకండీ?"

"అలవాటైపోయిందే. మెలకువొచ్చేస్తంది."

"మెలకువొస్తే అటూ ఇటూ దొర్లాలి గానీ, అన్నిసార్లు ఒంటేలుకి వెళ్ళాలా? తెల్లారేసరికి బిందె అడుగంటుతోంది. అరికాళ్ళ మంటలని తడిగుడ్డ వేసుకుంటున్నారు, నేను చూళ్ళేదనుకున్నారా?"

"నాకేం షుగరూ గిగరూ లేదు!"

ఆవిడ షుగరు మాటే ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆయనే బయటపడ్డాడు. ఆయన అన్న అదే జబ్బుతో, పుండు మానక కాలు తీయించుకుని, ఏడాది తిరక్కుండా పోయాడు. ఇన్నాళ్ళూ ఆ భయాన్ని చెరువు పేరు చెప్పి దాచుకొచ్చాడన్నమాట.

ప్రభావతికి కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

"బావగారు కూడా ఇలాగే దాచుకున్నారు. నాకు మీరు కావాలండీ," అంది.

వెంకటాద్రి లేచి చొక్కా తొడుక్కున్నాడు.

గుడివాడలో డాక్టరు రక్తపరీక్ష చూసి షుగరేనన్నాడు. "రాత్రిళ్ళు పదేపదే లేవడం, దాహం, కాళ్ళ మంటలు... ఇవి కనిపించినప్పుడే రావాలమ్మా. ఇప్పటికీ మించిపోయిందేం లేదు. మందులు మానకూడదు, పాదాలు రోజూ చూసుకోవాలి," అని ధైర్యం చెప్పి పంపాడు.

మందులు మొదలెట్టిన కొన్ని వారాలకి, ఒక రాత్రి ప్రభావతికి ఉలిక్కిపడి మెలకువ వచ్చింది. పక్క మంచం మీద అలికిడి లేదు. ఈపాటికి రెండుసార్లయినా లేచి ఉండాల్సిన మనిషి! చీకట్లో తడుముకుంటూ వెళ్ళి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టింది. వెచ్చగా ఊపిరి తగిలింది.

"ఉన్నాన్లేవే, పడుకో," అన్నాడు వెంకటాద్రి కళ్ళు తెరవకుండానే.

ప్రభావతి ఆ మంచం పట్టె మీదే కూలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నవ్వుతూనే ఏడ్చింది.