నూనె మీద సున్నం నిలవదు

నేను ఒక డప్పు కొట్టేవాణ్ణి. అయిదంగుళాల ఎత్తు, కొండపల్లి పొణికి చెక్క. ఇంత చిన్నవాడికి ఆత్మకథ ఏమిటని నవ్వేవాళ్లు నవ్వండి. పెద్దపెద్దవాళ్లంతా రాసుకున్నారు. వాళ్ల పెళ్లిళ్ల గురించి పేజీలకు పేజీలు రాశారు. ఆ పెళ్లికి ముందు నడిచి డప్పు కొట్టినవాడి పేరు ఒక్కడైనా రాశాడా? రాయలేదు. అందుకే నా కథ నేనే చెప్పుకుంటున్నాను.

నన్ను చెక్కినాయన భద్రరాజు. పద్దెనిమిది బొమ్మల పెళ్లి ఊరేగింపు చేసి, అందరికంటే ముందు నన్ను నిలబెట్టాడు. పచ్చి చెక్కని రంపం పొట్టు సెగ మీద ఆరబెట్టి, ఒళ్లొక ముక్క, చేతులు రెండు ముక్కలు, డప్పొక ముక్క చెక్కాడు. చింతగింజల పిండిలో పొట్టు కలిపితే మక్కు అంటారు, దాంతో అతికించాడు. ఆయన భార్య సున్నం పూసింది. అది ఆరాక ఆయన రంగులు వేసి, పైన అవిసె నూనె పట్టించాడు. నల్లటి ఒళ్లు, ఎర్ర తలగుడ్డ, చెవుల దాకా నవ్వు. పళ్లు ఒక్కొక్కటి విడివిడిగా దిద్దాడు. సున్నం పూసినావిడ పేరు మాత్రం నాకు తెలియదు. ఆ ఇంట్లో ఆవిణ్ణి "ఏమే" అని తప్ప పిలిచినవాడు లేడు.

బెజవాడలో ఒక ప్లీడరు గారు మమ్మల్ని కొన్నారు. ఆయన ఉన్నంత కాలం బాగానే ఉన్నాం. దసరాకి బొమ్మల కొలువులో మెట్టెక్కేవాళ్లం, తర్వాత పాత పంచెలో చుట్టుకుని పెట్టెలో పడుకునేవాళ్లం. ఆయన పోయాక పెత్తనం కోడలు కామేశ్వరమ్మ గారికి వచ్చింది. ఆవిడకి నన్ను చూస్తే కంపరం. "దేవుళ్ల ముందు వీడేంటి, ఆ పళ్లేంటి?" అంది. పారేస్తే సెట్టు పాడవుతుందట. అందుకని గోడకి కొట్టగా మిగిలిన సున్నం మొహంతో సహా నా ఒళ్లంతా పులిమింది. దాని మీద గేటుకి వేయగా మిగిలిన పెయింటు. నాకు తెల్లటి ఒళ్లొచ్చింది, పట్టుపంచె వచ్చింది, నామం కూడా వచ్చింది. నేనొక్కణ్ణి మెరిస్తే ఎలా అని మిగతా పదిహేడు మందికీ అదే వైద్యం చేసింది.

మనుషులకి ఒక జబ్బుంది. నచ్చనివాణ్ణి ఇంట్లోంచి పంపరు, పైన రంగు వేసి తమవాడే అంటారు. ఆవిడ ఏటా దసరాకి ఇంకో పూత వేసేది. చివరికి నా ముక్కూ మూతీ కలిసిపోయాయి, డప్పు పళ్లెంలా తయారయింది. కొలువు చూడ్డానికి వచ్చిన పక్కింటావిడ నన్ను ఎగాదిగా చూసి అడిగింది:

"వంటబ్రాహ్మడా అండీ? ఏం వడ్డిస్తున్నాడు?"

ఆ మాట విన్నాక నాకు బతుకు మీద ఆశ పోయింది.

తర్వాత ఆ ఇంటి మనవరాలు సెట్టు మొత్తం ఒక మ్యూజియానికి ఇచ్చేసింది. వాళ్లు మమ్మల్ని కొండపల్లికి పంపారు. పాత పెయింటు తీసెయ్యండి, లోపల అసలు రంగులు ఉంటే చూపించండి, సోమవారానికి మా ఆఫీసరు వస్తాడు అని కబురు. అలా నేను పుట్టిన వీధికే, ఒక చిన్న బొమ్మల సంఘం షెడ్డుకి తిరిగొచ్చాను.

పని సింగరాజుకి ఇచ్చారు. చెక్కడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. కానీ తియ్యడం వేరే విద్య అని ఆయనకి తట్టలేదు. పాత తలుపుల పెయింటు ఊడగొట్టినట్టే బేసిన్లో కాస్టిక్ సోడా కలిపి, పల్లకీ బోయీల్లో ముగ్గుర్ని అందులో ముంచాడు. పెయింటు పోయింది. దాంతో పాటు మక్కు కరిగింది. బోయీల చేతులు ఊడి నీళ్ల మీద తేలాయి. అసలు రంగులు మురికినీళ్లయి మోరీలోకి పోయాయి. సింగరాజు ఆ చేతుల్ని ఒక్కొక్కటే ఏరి గుడ్డ మీద పెట్టాడు.

"ఇంకేముంది, ఇట్టాగే తిప్పి పంపేద్దాం. మనవల్ల కాదని రాద్దాం," అన్నాడు సంఘం ప్రెసిడెంటు బలరామరాజు.

అప్పుడు షెడ్డు చివర, సున్నం గిన్నెల దగ్గర్నించి ఒకామె లేచి వచ్చింది. తిరుపతమ్మ. ఇరవై రెండేళ్లుగా ఆ షెడ్డులో సున్నం పూస్తోంది. వేళ్ల చివర్లు సున్నానికి పగిలి తెల్లబడి ఉన్నాయి. కళాకారుల పట్టికలో తన పేరు రాయమని నాలుగుసార్లు అడిగింది. "సున్నం పూయడం కళేంటమ్మాయ్? కూలి," అని నాలుగుసార్లూ అదే జవాబు. పట్టికలో పేరుంటేనే గుర్తింపు కార్డు, పింఛను, చెక్కే బల్ల దగ్గర చోటు. లేకపోతే రేపు రావద్దంటే ఎల్లుండి ఎవరూ ఎందుకని అడగరు.

ఆమె నన్ను తీసుకుని, పాదం దగ్గర పెచ్చు లేచినచోట గోటితో గీరి చూసింది. పెయింటుకీ అసలు రంగుకీ మధ్య తెల్లటి గీత.

"ఇది నేను తీస్తా," అంది.

"నువ్వా?" అన్నాడు ప్రెసిడెంటు. "సింగరాజు వల్లే కాలేదు."

"బాబాయ్ పెయింటుతో కొట్లాడాడు. లోపల సున్నం ఉందని చూళ్లేదు. ఈ మహాతల్లెవరో నూనె బొమ్మ మీద సున్నం పులిమింది. నూనె మీద సున్నం నిలబడుద్దా? పూసేవాళ్లనడుగు చెప్తారు. సున్నం కదిలిందా, దాని మీద ఎన్ని పూతలున్నా దాంతోపాటే ఊడొస్తయ్."

"బొమ్మ చెయ్యిరిగితే?"

"రేపట్నించి ఈ షెడ్డు గడప తొక్కను. మంచిగా వస్తే నా పేరు పట్టికలో రాయాల. సరేనా, పెసిడెంటు గారూ?"

అందరి ముందూ అడిగింది. ఆయన సరే అనక తప్పలేదు. ఎలాగూ విరుగుతుందని ఆయన ధైర్యం.

పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టింది. ఒక తడి గుడ్డ, ఒక పొడి గుడ్డ, వెదురు బద్ద, సూది. అంతే. పెయింటు పగుళ్లలో సూదితో దారి చేసి, పిండిన తడిగుడ్డ అద్ది, నోట్లో పాట అనుకుంటూ ఆగింది. తడి పగుళ్లలోంచి దిగింది. సున్నం ఉబ్బడం నాకు తెలుస్తోంది, తొడుక్కున్న చొక్కా వదులైనట్టు. వెదురు బద్ద మెల్లిగా దూర్చింది. పంచె ఊడి ఒకే ముక్కగా కింద పడింది. సిగ్గెందుకు, ఆ పంచె నాది కాదు.

కుడి చెయ్యి దగ్గర ఆపద వచ్చింది. అక్కడ పగులు మక్కు దాకా ఉన్నట్టుంది. తడి లోపలికి దిగింది, చెయ్యి కదిలింది. బలరామరాజు ముందుకు వంగాడు. ఆమె గుడ్డ అక్కడ పడేసి, నన్ను అరచేతిలో పడుకోబెట్టుకుని ఎండలోకి నడిచింది. గంటసేపు కదలకుండా నిలబడింది. అరచేయి చెమటపడితే చెయ్యి మార్చుకుంది. ఎవరో మంచినీళ్లు తెస్తే వాళ్ల చేత్తోనే నోట్లో పోయించుకుంది, నన్ను దించలేదు. మక్కు మళ్లీ బిగుసుకుంది.

ఇక మొహం. పూతలన్నీ కలిసి గట్టి పెంకయి ఉంది. తడి అద్దింది, ఆగింది, ఊపిరి బిగబట్టి బద్ద తిప్పింది. నామంతో, తెల్లతోలుతో, ఆ వంటవాడి మూతితో సహా మొహం మొత్తం ఒక్క తొడుగులా ఊడి ఆమె ఒళ్లో పడింది. నాకు వెలుతురు తగిలింది.

"ఓలమ్మో, పళ్లే!" అంది సున్నం పూసే నాంచారమ్మ. "నవ్వుతున్నాడే వీడు!"

అవును, నవ్వుతున్నాను. ఆ పెయింటు కింద నేను నవ్వడం ఒక్కరోజూ మానలేదు, మీకు కనపడలేదంతే.

సింగరాజు దగ్గరికొచ్చి నా తలగుడ్డ ఎరుపు చూసి, "మా పెదనాన్న చెయ్యి," అన్నాడు. బలరామరాజు మాత్రం గొంతు సవరించుకున్నాడు.

"బాగా చేశావమ్మాయ్. పేరు సంగతి మీటింగులో పెడదాం."

తిరుపతమ్మ నన్ను జాగ్రత్తగా బల్ల మీద నిలబెట్టి, వెదురు బద్ద రొంటిన దోపుకుంది.

"ఇంకా పద్నాలుగున్నయ్. ఆటి సంగతి కూడా మీటింగులోనే చూడండి. సోమారం ఆఫీసరు గారికి ఆ మీటింగే చూపిద్దురు."

నాంచారమ్మ లేచింది. తన సున్నం గిన్నె తీసుకెళ్లి గుమ్మం బయట కుమ్మరించి, బోర్లా పెట్టింది. పక్కనామె కూడా అంతే చేసింది. ఒకదాని వెనక ఒకటి ఆరు గిన్నెలు బోర్లాపడ్డాయి. సున్నం లేకుండా ఏ బొమ్మకీ రంగెక్కదు. ఇంత చిన్న సంగతి ఆ షెడ్డుకి తెలియడానికి ఇన్నేళ్లు పట్టింది. చెక్కేవాళ్లు ఉలులు పట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"రాయవయ్యా, ఇంకా ఏం చూస్తావ్?" అన్నాడు సింగరాజు.

ప్రెసిడెంటు పట్టిక తెరిచి రాశాడు. తిరుపతమ్మ చదవమంది. "తిరుపతమ్మ, సున్నం పని" అని చదివాడు.

"కొట్టెయ్. బొమ్మల కళాకారిణి అని రాయి. నాదొక్కటే కాదు, ఏడు పేర్లూ అట్టాగే రాయి."

కొట్టేసి రాశాడు. ఏడుగురూ వంగి, తమ పేర్లు తాము చూసుకున్నారు. చదవడం రానివాళ్లు వేలు పెట్టించుకుని చూశారు.

సోమవారానికి పద్నాలుగు బొమ్మలూ వాటి వాటి మొహాలతో నిలబడ్డాయి. ఇప్పుడు నేను మ్యూజియం గాజుపెట్టెలో ఊరేగింపుకి ముందున్నాను. ఆ ముగ్గురు బోయీలూ రంగులేకుండానే, అతికిన చేతులతో పల్లకీ మోస్తున్నారు. దాచడానికేముంది, జరిగింది జరిగినట్టు కనపడాలి.

నన్ను అట్టపెట్టెలో పెట్టి మూత వేసేముందు నేను చివరగా చూసింది చెప్పి ఆపుతాను. చెక్కే బల్ల దగ్గర మగవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. తిరుపతమ్మ ఒక పొణికి ముక్క, ఒక ఉలి పట్టుకుని వచ్చి నిలబడింది.

"జరుగు బాబాయ్," అంది.

సింగరాజు జరిగాడు.