ఇరవైమూడో గడిలో ఉప్పు

డింప్నా కిల్‌బ్రైడ్‌కి ఏదైనా నాలిక మీద వేసుకుని చూస్తేగానీ నమ్మకం కుదరదు. ఇనప సామాన్ల కొట్టు నడిపే మనిషికి అదేం అలవాటని నన్నడక్కండి. బస్తాలో ఉన్నది సిమెంటో సున్నమో తేల్చడానికి కూడా వేలికి అద్దుకుని రుచి చూసిన ఘనురాలు ఆవిడ. ఆ పాడు అలవాటే లేకపోతే డ్రమ్‌కిల్లాలో ఆ ఆదివారం అంత రభస జరిగేదే కాదు.

ఏటా జూన్ మొదటి ఆదివారం ఊరి దుకాణదారులంతా కలిసి పేడ పందెం పెడతారు. చర్చి వెనక మైదానంలో సున్నంతో వంద గడులు గీయిస్తారు. మనిషికో గడి చొప్పున టిక్కెట్లు అమ్ముతారు. తర్వాత ఆవుని వదులుతారు. అది ఎవరి గడిలో పేడ వేస్తే వాళ్ళకో పెయ్యదూడ. వచ్చిన డబ్బంతా పాత పాలకేంద్రంలో ఉన్న షెడ్డుకి పోతుంది. బడి గెంటేసిన పిల్లలూ, ఇంట్లో ఇమడలేని పిల్లలూ, పోలీసుల పుస్తకంలోకి పేరెక్కిన పిల్లలూ అక్కడ పడవలు బాగుచేయడం నేర్చుకుంటారు. మన పెద్దమనుషులు షెడ్డుకి డబ్బయితే ధారాళంగా ఇస్తారు. ఆ పిల్లలు కొట్టు గుమ్మమెక్కితే మాత్రం గుండె గుభేలుమంటుంది వాళ్ళకి. "షెడ్డు పిల్లలు ఒకసారికి ఒక్కరే లోపలికి రావాలి" అని తలుపుకి మొట్టమొదట అట్ట కట్టింది మన డింప్నాయే.

ఈసారి గడులు గీసింది ఊనా. పదహారేళ్ళ పిల్ల. తాళంచెవి వదిలేసిన వ్యాన్ ఒకటి కనబడితే ఎక్కి తోలుకుపోయి వంతెన గోడకి గుద్దింది. గురువారం కోర్టు. ఊరి దుకాణదారుల సంఘం ఈ పిల్లకి పూచీ ఉంటామని ఉత్తరం ఇస్తే జడ్జి షెడ్డులోనే ఉండనిస్తాడు. లేకపోతే ఊరు దాటించి, తలుపులకి బయట గొళ్ళెం ఉండే చోటికి పంపిస్తాడు. ఉత్తరం రాసింది డింప్నాయే. సంఘం అధ్యక్షుడు టైర్నీ సంతకం ఒక్కటే మిగిలింది. ఈ టైర్నీ మాంసం కొట్టాయన. మాట కటువు, చెయ్యి బరువు.

ఆ ఆదివారం ఫిలొమీనా అనే ఆవుని మైదానంలోకి వదిలి ముప్పావుగంటయింది. అది పేడ వేస్తే ఒట్టు! నడుస్తుంది, గడ్డి కొరుకుతుంది, తల తిప్పి టైర్నీ కేసి చూస్తుంది, బిర్రబిగుసుకుపోతుంది.

"నువ్వు అవతలికి పోవయ్యా బాబూ! నీ ఒంటి వాసనకి పాపం దానికి లోపలున్నది లోపలే గడ్డకట్టుకుపోతోంది," అని అరిచింది డింప్నా. జనం గొల్లుమన్నారు. టైర్నీ గొణుక్కుంటూ కంచె దాటి వెళ్ళి చెట్టు చాటున నిలబడ్డాడు.

ఆయన అటు వెళ్ళాడో లేదో, ఫిలొమీనా ఎవరో పిలిచినట్టు తిన్నగా నడిచి వచ్చి ఇరవైమూడో గడిలో తల వంచింది. డింప్నా ఊపిరి బిగబట్టింది. ఆ గడి ఆవిడదే. పదకొండేళ్ళుగా అదే కొంటోంది, పదకొండేళ్ళుగా మూతి ముడుచుకుని ఇంటికెళ్తోంది. ఆవు నాకుతోంది, నాకుతోంది, ఎంతకీ తల ఎత్తదు. అలా నాకుతూనే తోక లేపింది. తల ఇరవైమూడులో ఉంది గానీ, తోక ఉన్నది వెనక వరుసలోని ముప్పైమూడులో. థప్పున పడింది. ముప్పైమూడు షెడ్డు పిల్లలంతా కలిసి కొనుక్కున్న గడి.

పిల్లలు ఎగిరి గంతేశారు. ఇంకొకరయితే తన ఖర్మింతే అనుకుని ఊరుకునేవారు. డింప్నాకి అలా కాదే! అది అంతసేపు ఏం నాకిందబ్బా అని పురుగు తొలిచింది. కంచె కిందుగా దూరి, మోకాళ్ళ మీద కూచుని, గడ్డిలో మెరుస్తున్న తెల్లటి పలుకొకటి తీసి నాలిక మీద వేసుకుంది.

"ఉప్పు!" అంది. అన్నదేమో చిన్నగా కాదు.

 మైదానమంతా చెవులు కొరుక్కోవడం మొదలైంది. టైర్నీ చెట్టు చాటునుంచి వచ్చాడు.

"గడులు గీసిందెవరు? షెడ్డు పిల్ల. దూడ గెలిచిందెవరు? షెడ్డు పిల్లలు. ఆవు పొడుగెంతో కొలుచుకుని మరీ ముందు గడిలో ఉప్పు చల్లారు. ఆహా, మన డబ్బుతో బాగా నేర్పిస్తున్నాం తెలివితేటలు!" అని, జేబులోంచి ఉత్తరం తీసి అందరికీ కనబడేట్టు ఊపి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. "ఆరింటికి సంఘం కూచుంటుంది. అప్పుడు తేలుద్దాం దీని సంగతి."

ఊనా చేతిలో కొలతటేపు అలాగే ఉంది. 

డింప్నాకి తల కొట్టేసినట్టయింది. తను నోరు మూసుకుని ఉంటే అది సున్నమనే అనుకునేవారు అందరూ. దూడ షెడ్డుకి పోయేది, ఉత్తరం కోర్టుకి పోయేది. తన నాలిక దురద ఓ పిల్ల పీకల మీదికి తెచ్చింది. జనం చెదిరిపోయాక నేరుగా షెడ్డుకి వెళ్ళింది. ఊనా బోర్లించిన పడవకి తారు పూస్తోంది.

"ఎందుకు చేశావే పిల్లా? గురువారం దాకా ఆగలేకపోయావా?"

ఊనా కుంచె ఆపలేదు. "నేనే చేసి ఉంటే ఉప్పు వాడను."

"మరేం వాడతావు?"

"ఏమీ వాడను. పోయిన వారమే ఆలోచించాన్లెండి."

"ఆలోచించావా?" డింప్నా కళ్ళు పెద్దవయ్యాయి.

"ఆలోచించాను. గడి రెండు మీటర్లు. ఆవు అంతకంటే కాస్త పొడుగు. మూతి ఒక గడిలో ఉంటే తోక పక్క గడిలో పడుతుంది. కానీ ఏ పక్క? ఉప్పు చుట్టూ ఎనిమిది గడులున్నాయి. అది ఎటు తిరిగి నిలబడుతుందో దాని బాబుక్కూడా తెలీదు. ఎనిమిదింట్లో ఒక్కటి నాది. దానికోసం షెడ్డులో చేసిన మూడు నెలల పని పాడుచేసుకుంటానా? అందుకే మానేశాను."

మహాతల్లి, చెయ్యలేదనడానికి చెప్పిన కారణం చూడండి! డింప్నాకి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. కానీ లెక్క మాత్రం బుర్రలో గట్టిగా పట్టుకుంది. అక్కడే ఓ పెట్టె మీద కూలబడింది.

"అయితే ఉప్పు చల్లినవాడికి ఈ లెక్క తెలీదన్నమాట. మూతి ఎక్కడుంటే పేడ కూడా అక్కడే పడుతుందనుకున్నాడు. జన్మలో ఆవు మొహం చూడని మనిషయి ఉంటాడు."

"అంటే ఉప్పు ముప్పైమూడు కోసం కాదు," అంది ఊనా, మొదటిసారి కుంచె కింద పెట్టి. "ఇరవైమూడు గెలవాలనే చల్లారు. ఇంతకీ ఇరవైమూడు ఎవరిది?"

 "నాది," అంది డింప్నా.

ఊనా ఆవిడకేసి చూసింది. ఆ చూపు డింప్నా వీపు మీద ఇంటిదాకా వచ్చింది.

ఇంట్లో మలాకీ టీ కాస్తున్నాడు. ఆవిడ మొగుడు. గడియారాలు బాగుచేసేవాడు. పుట్టింది గడియారాల కొట్టు మేడమీద, పెరిగిందీ అక్కడే. పాలంటే సీసాలోంచి వస్తాయని పదేళ్ళ దాకా నమ్మిన మనిషి. డింప్నా చూపు పొయ్యి పక్కకి పోయింది. మలాకీ ఆదివారం తొడుక్కునే నల్లబూట్లు అక్కడ ఆరుతున్నాయి. తడిసి ఆరిన తోలు మీద చుట్టూ తెల్లటి చార కట్టింది.

ఆవిడ ఒక బూటు చేతిలోకి తీసుకుంది. మలాకీ చేతిలో గరిటె ఆగిపోయింది. చార మీద వేలు రాసి నాలికకి ఆనించింది. సున్నమైతే చుర్రుమని మండాలి. మండలేదు.

"మలాకీ."

"ఊఁ."

"తెల్లారుజామున మంచులో ఎక్కడికెళ్ళావు?"

ఆయన అడ్డంగా దొరికిపోయాడు. కుర్చీ లాక్కుని కూచున్నాడు. "పదకొండేళ్ళు, డింప్నా. ఏటా ఆ రాత్రికి నీ మొహం చూళ్ళేకపోతున్నాను. ఒక్కసారైనా నువ్వు గెలిస్తే చూద్దామనుకున్నా. ఆవు ఇరవైమూడులోకే వచ్చింది కదా, సరిగ్గా అక్కడే నిలబడింది కదా! ఇంతలో ఏమైందో నాకిప్పటికీ అంతుపట్టట్లేదు."

"ఆవుకి వెనక కూడా కొంత ఉంటుందయ్యా, మొగుడా!"

నవ్వొచ్చింది ఆవిడకి, వెంటనే ఏడుపూ వచ్చింది. ఇంత ప్రేమ పెట్టుకుని ఇంత తెలివితక్కువ పని చేసే మనిషిని ఏమనాలి? "ఆ పిల్లని అంటుంటే పక్కనే నిలబడి విన్నావు," అంది చివరికి.

మలాకీ తల దించుకున్నాడు. "చెబితే నన్ను పాడెక్కించేదాకా నవ్వుతారు ఈ ఊళ్ళో."

"నవ్వనీ. పద, ఆరు కావస్తోంది."

సంఘం ఎప్పుడూ కూచునేది సారా కొట్టు వెనక గదిలో. ఊనాని తలుపు దగ్గర నిలబెట్టారు. కుర్చీ ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. టైర్నీ ఉత్తరం బల్ల మీద పరిచి పైకి చదివాడు: "ఊనా మా అందరి దుకాణాల్లోనూ బాగా తెలిసిన పిల్ల, నమ్మకస్తురాలు." చదివి పెదవి విరిచాడు. "దీని మీద నన్ను సంతకం పెట్టమంటారు. వింటున్నారా?"

డింప్నా మలాకీని చూసింది. ఆయన తన బూట్లకేసి చూసుకుంటున్నాడు. క్షణం ఆగింది. రెండు క్షణాలు ఆగింది. ఇక లాభం లేదని లేచి నిలబడింది.

"ఆ ఉప్పు మా వంటింటిది," అంది.

గదిలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. మలాకీ ఆవిడ చెయ్యి పట్టి కూచోబెట్టాడు. తను లేచాడు.  "ఈవిడకేం తెలీదు. చల్లింది నేను. ఇరవైమూడులో పడుతుందనుకున్నా. ఆవు తినే చోటే... ఆ పని కూడా చేస్తుందనుకున్నా."

కాసేపు ఎవరూ నమ్మలేదు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. ఆ మీదట గది కప్పు ఎగిరిపోతుందేమో అన్నంత నవ్వు. టైర్నీ బల్ల చరిచి చరిచి నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు.

"దూడ షెడ్డుదే," అన్నాడు. "లంచం తిని కూడా న్యాయంగా నడుచుకున్న ప్రాణి ఈ ఊళ్ళో ఆ ఆవొక్కటే."

నవ్వుతూనే సంతకం పెట్టేశాడు. ఊనాకి క్షమాపణ చెప్పాలని మాత్రం ఒక్కరికీ తట్టలేదు. నవ్వు వస్తే మనుషులు మిగతావన్నీ మరిచిపోతారు.

డింప్నా ఉత్తరం పట్టుకుని బయటికొచ్చింది. ఊనా అరుగు మీద కూచుని ఉంది. జూన్ నెల, ఇంకా పట్టపగల్లా వెలుగుంది. ఉత్తరం ఇస్తే ఆ పిల్ల మొత్తం నిదానంగా చదివింది.

"మీ ఇంట్లో దొరికేదాకా మీరూ నన్నే అనుకున్నారు కదూ?" అంది.

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. దాని రుచి డింప్నాకి నచ్చలేదు. "అవును. షెడ్డుకొచ్చి నేనడిగింది 'ఎందుకు చేశావ'నే. 'చేశావా' అని కాదు."

"ఇందులో అందరి దుకాణాల్లోనూ తెలిసిన పిల్లనని రాశారు. మీ కొట్టు లోపల ఎలా ఉంటుందో నేనింతవరకు చూడలేదు. మేం నలుగురం కలిసే తిరుగుతాం. ఒక్కరినే రమ్మంటే ఎవరం రాం."

 డింప్నా వీధి దాటి తన కొట్టు తలుపు దగ్గరికెళ్ళింది. ఊనా వెనకే వచ్చింది, ఏం చేస్తుందో చూద్దామని. అట్టకి కట్టిన పురికొస ఆరేళ్ళ వానకి బిగుసుకుపోయి ఉంది. డింప్నా గోళ్ళతో పీకింది, పళ్ళతో లాగింది. ముడి ఊడి రాలేదు.

ఊనా జేబులోంచి చాకు తీసి టక్కున తెరిచింది. డింప్నా భుజాలు తనకి తెలియకుండానే బిగుసుకున్నాయి. ఆ పిల్ల అది చూసింది. చూసి, చాకు పట్టుకుని అక్కడే ఆగిపోయింది.

డింప్నా పురికొస మీద నుంచి చేతులు తీసేసి పక్కకి జరిగింది.

"కొయ్యి," అంది.