తిమ్మక్క అలికిన చెట్టు

మదనపల్లె పాత పార్కులో తెల్లదొరల కాలంనాటి నిద్రగన్నేరు చెట్లు పదకొండు ఉండేవి. ఇప్పుడు పది. ఆ పదింటిలో ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చడానికి మునిసిపాలిటీ ఆఫీసు నుంచి నీరజమ్మ వచ్చింది. పక్కన సదుం ఊరి పిల్ల. చేతిలో చెక్క సుత్తి, పక్కన రెండు రంగు డబ్బాలు. పచ్చచుక్క పెడితే చెట్టు ఉంటుంది. ఎర్రచుక్క పెడితే కొట్టేసి, అక్కడే కొత్త మొక్క నాటుతారు.

ఆదెప్ప ముప్పై అయిదేండ్లు ఆ పార్కు తోటమాలి. పని మానేసినా పొద్దున్నే వచ్చి కూర్చుంటాడు. ఎందుకొస్తావంటే ఇంట్లో తోచదంటాడు. సంగతి అది కాదు. ఆరు గంటలకు గేటు దగ్గర పరకతో ఊడ్చే చప్పుడు వినిపిస్తుంది. సర్, సర్, మూడోది పొడుగ్గా. ఊడ్చే మనిషి కనబడదు. ఆకులు ఎక్కడివక్కడే ఉంటాయి. మూడోది అట్లా పొడుగ్గా లాగి ఊడ్చేది ఈ పార్కులో పనిచేసిన తిమ్మక్క ఒక్కతే. తిమ్మక్క పోయి తొమ్మిదేండ్లు. ఆ పదకొండో చెట్టు కూలి ఆమె మీద పడింది. ఆమె పని మొగుడు మునిరత్నానికి ఇచ్చారు. అతను ఏడింటికి గానీ రాడు.

నీరజమ్మ ఒక్కో చెట్టునీ తట్టి వింటోంది. బోలుగా పలికినవాటికి ఎర్రచుక్క పడింది. బెంచీ పక్కనున్న చెట్టు దగ్గరకొచ్చి తట్టింది. ఖంగుమంది.

"ఇది రాయి మాదిరి ఉండాది తాతా. నీకంటే గట్టి."

ఆదెప్ప నాలికతో దవడలో పన్ను లేని సందును తడుముకున్నాడు.

చాన్నాళ్ల కింద అతనికి దవడపన్ను పుచ్చింది. పుంగనూరులో డాక్టరు సిమెంటు పెట్టి పూడ్చాడు. నొప్పి పోయింది. పంటికి పనికొచ్చింది చెట్టుకు పనికిరాదా అనుకున్నాడు. పార్కులో రెండు చెట్లకు తొర్రలుండేవి. ఎవరినీ అడక్కుండా ఇటుకముక్కలు కూరి సిమెంటు పోశాడు. కలిపిచ్చింది తిమ్మక్క. పొయ్యి అలికినట్టు చేత్తో నున్నగా అలికింది కూడా.

"చెట్టు నోరు మూసేస్తాండావే అప్పా, ఊపిరెట్లా తీస్తాది?"

"నీ మాదిరి వాగకుండా ఉంటాదిలే."

ఇద్దరూ నవ్వుకున్నారు. నాలుగైదేండ్లకు బెరడు కమ్ముకుని తొర్ర ఆనవాలే లేకుండా పోయింది. ఆ తరవాత పదేండ్లకు ఒకరోజు అన్నం తింటుంటే పన్ను ఊడి చేతిలో పడింది. సిమెంటు సిమెంటులాగే ఉంది. చుట్టూ పన్నే నల్లగా కుళ్లిపోయింది. ఆదెప్ప ఆ ముక్కను చాలాసేపు చూశాడు. రెండు చెట్లూ గుర్తుకొచ్చాయి. ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడే కార్తీకం వానల్లో, గాలి కూడా లేదు, ఆ రెండింట్లో ఒక చెట్టు నిలువునా తిమ్మక్క మీద కూలింది. ఆయమ్మ రాత అన్నారు అందరూ. ఆమెను ఎత్తుకుపోయినాక ఆదెప్ప సిమెంటు పెళ్లలు ఏరి గోనెసంచిలో వేసి మోరీలో పారేశాడు.

నీరజమ్మ కుంచెను పచ్చరంగులో ముంచింది. బెంచీ మీద ఇద్దరు ఆడపిల్లలు పుస్తకాలు పెట్టుకుని చదువుకుంటున్నారు.

సర్.

పొద్దు పదిగంటలు. ఎప్పుడూ ఆ వేళకు రాదు ఆ చప్పుడు. సర్. వీపు వెనకే. మూడోది పొడుగ్గా వచ్చి అతని మడమ దగ్గర ఆగింది.

"అమ్మా, పచ్చ పెట్టొద్దు."

"యాల తాతా?"

"పలికింది చెట్టు కాదు. లోపల సిమెంటు. నేనే పోసినా. ఆ బిడ్డల్ని లెయ్యమను."

మొక్కలకు నీళ్లు పడుతున్న మునిరత్నం పైపు కింద పడేసి వచ్చాడు. "నా పెండ్లాం మీద పడిందే, ఆ చెట్లో?"

"దాంట్లోనూ."

"నీకు తెలుసునా?"

"పన్ను ఊడినప్పుడే తెలిసె."

మునిరత్నం పనిముట్ల దగ్గరున్న గొడ్డలి తీసుకున్నాడు. ఆదెప్ప కదలకుండా నిలబడ్డాడు. దెబ్బ పడింది, చెట్టు మీద. నాలుగు దెబ్బలకు బెరడు లేచింది. నల్లటి పొట్టు, పురుగులు, మురుగునీళ్లు కారాయి. వెనకాల సిమెంటు. సిమెంటు మీద అయిదు వేళ్ల ముద్ర, మణికట్టు దగ్గర గాజుల గీతలు.

మునిరత్నం ఆ ముద్ర మీద చెయ్యి పెట్టాడు.

"ఇంత సిన్న చెయ్యా," అన్నాడు. "మరిసేపోయినా."

తిరిగి చూడకుండానే చెప్పాడు. "ఎర్రది పెట్టమ్మా. ఆదెప్పా, గుంత నువ్వు తవ్వల్ల. మొక్క నేను నాటుకుంటా. మళ్లా నాతో మాట్లాడొద్దు."

మర్నాడు ఆరింటికి ఆదెప్ప పార చేతబట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. చప్పుడు రాలేదు. ఆరున్నర అయింది. ఆకులు రాలుతూనే ఉన్నాయి. పార పక్కనబెట్టి, మూలనున్న పరక తీసుకున్నాడు. సర్, సర్. మూడోది ఎంత లాగినా ఆమె లాగినంత పొడుగు రాలేదు.